యానాం కవరు

ఫ్రెంచివాళ్లు ఏలిన దీవుల నుంచి, రేవుల నుంచి వెళ్లిన పాత ఉత్తరాల కవర్లు పోగుచేయడం నా పిచ్చి. గల్ఫుకొచ్చి, రూవిలో స్టోర్ కీపరుగా పనిచేస్తూ, సెలవు రోజున పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పదిహేనేళ్లలో ఒక పెట్టె నింపాను. జిబూటీవి ఉన్నాయి, మడగాస్కర్‌వి ఉన్నాయి. ఫ్రెంచి తపాలా నడిచిన మన తెలుగు ఊరు యానాం. అక్కడికి చేరిన కవరు ఒక్కటీ నాకు దొరకలేదు.

రూవి పక్కనే హమ్రియాలోని మా రూములో, నా పక్క మంచం అతని దగ్గర మాత్రం ఉంది. అతను ఏసీ మెకానిక్, యానాం మనిషి. కవరు వాళ్ల తాత రీయూనియన్ దీవిలో కొలువు చేస్తూ భార్యకు పంపింది. ఫ్రాన్సు స్టాంపు, దాని మీద ఆ దీవి కోసం నల్లగా అచ్చొత్తిన మూడక్షరాలు, సగం స్టాంపు మీదా సగం కవరు మీదా పడిన ముద్ర. వెనక పాండిచ్చేరి ముద్ర, యానాం ముద్ర. ఉత్తరం వచ్చిన దారంతా దాని మీదే ఉంది.

అతనికి ఇవేవీ పట్టవు. తాత క్షేమంగా తిరిగొచ్చాడు కనుక, వాళ్లింట సముద్రం దాటే ప్రతివాడూ ఆ కవరు జేబులో పెట్టుకోవాలట. అందులో రెసిడెంట్ కార్డు దాచుకునేవాడు! గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన అనుకున్నాను.

బదులుగా నా కవర్లు నాలుగు ఇస్తానన్నాను.

"మీ పెట్టె మొత్తం ఇచ్చినా కుదరదండీ. వచ్చే నెల మా తమ్ముడు దోహా ఎల్తన్నాడు. ఆడి జేబులో ఎట్టాలి," అన్నాడు.

నాకు దక్కనిది అతనికీ ఉండకూడదనిపించింది. స్టాంపు ఊడదీస్తే కవరు విలువ పోతుందని నాకు బాగా తెలుసు. తెలిసే, రెండ్రోజులాగి చెప్పాను.

"తమ్మీ, ఆ జిగురుకు కవరు ఖరాబైతది. నీళ్లల్ల నానబెట్టి స్టాంపు తియ్యి."

నమ్మాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కవరు మొత్తాన్నీ బకెట్లో వేసి కూర్చున్నాడు. నేను స్టాంపు గురించే ఆలోచించాను గాని, చిరునామా సిరాతో రాసిందన్న సంగతి నాకు తట్టనే లేదు. నీళ్లు నీలంగా ఉన్నాయి. కవరు మీద వాళ్ల నాయనమ్మ పేరు లేదు.

"తాత చేతిరాత మా ఇంట్లో ఇదొక్కటేనండీ," అన్నాడు.

నా మీద అతనికి అనుమానమే రాలేదు. స్టాంపు వరకే తడపాల్సిందని తనను తానే తిట్టుకున్నాడు. కవరును మంచం చువ్వ మీద ఆరేసి, ఊడిన స్టాంపును నా అరచేతిలో పెట్టాడు.

"మీరు ముచ్చటపడ్డారు కదండీ, ఉంచుకోండి. తమ్ముడికి ఆ కాగితమే పంపుతాను. రాత పోయినా తాతదే కదండీ."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్పకుండానే స్టాంపును నా పెట్టెలో వేసుకున్నాను. నేను పోగుచేసినవన్నీ ఎవరెవరి తాతలవో. చువ్వ మీద ఆరుతున్న ఆ ఉత్త కాగితం మీద నాకు మళ్లీ కుళ్లు పుట్టింది.