నేర్పని జవాబు

తబిత టీచర్‌కి మెట్లంటే విసుగు. నాంపల్లి మెట్రో దిగి, అబిడ్స్ వెనక సందులో ఉన్న బడిదాకా నడిచేసరికే మోకాళ్ళు మొరాయిస్తాయి. ఆపైన రెండంతస్తులు ఎక్కాలి. చిన్నపిల్లల క్లాసు తీసుకెళ్ళి పైన పెట్టిన మహానుభావుణ్ణి ఆమె రోజూ మొదటి మెట్టు మీదే తలుచుకుంటుంది.

మెదక్ మిషన్ కాంపౌండ్‌లో పుట్టి, టీచర్ ట్రైనింగయి, పెళ్ళి చేసుకుని పట్నం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెది యూకేజీయే. ఒకప్పుడు ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఆమె చేతే ముక్కు తుడిపించుకుంటున్నారు. అవే రంగులు, అవే ఆకారాలు, అవే వాన పాటలు. వయసులో ఉన్నప్పుడు చింతగింజలతో లెక్కలు చేయించేది, ఇసుకలో అక్షరాలు రాయించేది. ఇప్పుడు ఓపిక లేదు. అడిగేవాళ్ళూ లేరు. పిల్లలు ఇంగ్లిష్‌లో గడగడా అప్పజెప్తే చాలు, తల్లిదండ్రుల కడుపు నిండిపోతుంది.

అందుకే ఓపెన్ డే. మార్చి నెలలో తల్లిదండ్రులంతా వచ్చి కూర్చుంటారు. ప్రిన్సిపాల్ జ్ఞానశేఖర్ సార్ వరసలో నిలబడ్డ పిల్లల్ని తలా ఒక ప్రశ్న అడుగుతాడు. ఇంగ్లిష్, లెక్కలు, రంగులు, పరిసరాలు, ఏడాది చదువంతా ఆ వరసలోనే తేలిపోవాలి. ఆ ప్రశ్నలు ముందే రాసిచ్చేది తబితే. ఒక్కో పిల్లకి ఒక్కటే జవాబు బట్టీ పట్టించి, వరసలో ఆ పిల్ల వంతు రాగానే అది చెప్పేయమంటుంది. ఇది మోసమని ఆమెకి తెలియక కాదు. అలసిపోయిన మనిషికి అంతకన్నా దగ్గర దారి కనబడలేదు.

ఈ ఏడాది ఆమె దిగులంతా శ్రీనిధి గురించి. నాంపల్లి స్టేషన్ ఎదుట సూట్‌కేసులు అమ్మే బాలకిషన్ కూతురు. ఇంట్లో వాగుడుకాయట. బడిలో మాత్రం జూన్ నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

"ఓపెన్ డే నాడు కూడా నోరు తెరవకపోతే, మళ్ళీ యూకేజీలోనే కూర్చోబెడదాం మేడమ్" అన్నాడు సార్.

తోటివాళ్ళంతా పైక్లాసుకి వెళ్ళిపోతే, ఆ పిల్ల ఇంట్లో ఉన్న నోరు కూడా కుట్టేసుకుంటుంది. అది తబితకి బాగా తెలుసు. నెలంతా బతిమాలింది, చాక్లెట్ చూపించింది, ఒకరోజు కసిరింది కూడా. చివరికి చేతులెత్తేసింది.

"నీకు ప్రశ్న లేదు బిడ్డా. ఆఖర్ల ఊకె నిలవడు" అంది. సందట్లో సార్ మర్చిపోతాడేమోనని ఆమె ఆశ.

ఓపెన్ డే పొద్దున్నే వంశీధర్ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పిల్లాడికి జ్వరం, రాడు. సరేనంది తబిత. ఇంతలో ఒకడు నిక్కరు తడుపుకున్నాడు, ఇంకొకతె రిబ్బన్ ఊడిందని ఏడ్చింది. వరస మధ్యలో ఒకడు లేకపోతే ఏమవుతుందో ఆమెకి తట్టనే లేదు.

సార్ కాగితం చూస్తూ మొదలుపెట్టాడు. మొదట్లో బాగానే నడిచింది. తరవాత వంశీధర్ ప్రశ్న వచ్చింది, కుక్కకి కాళ్ళెన్ని అని. వాడి చోటికి జరిగిన వైశాలి ఛాతీ విరుచుకుని, "ఎల్లో సార్!" అంది. అరటిపండు రంగేమిటంటే ఆకాష్ "ట్రయాంగిల్" అన్నాడు. సమోసా ఆకారమేమిటంటే ఒకతె తన ముక్కు పట్టుకుని చూపించింది. దేంతో వాసన చూస్తామంటే భానుతేజ "క్లౌడ్స్ సార్!" అని అరిచాడు. తల్లిదండ్రులు ముందు నవ్వారు, తరవాత గుసగుసలాడుకున్నారు. తబిత గోడకి ఆనుకుంది. ఇన్నేళ్ళ పరువూ కళ్ళముందే కొట్టుకుపోతోంది.

ఆఖరి ప్రశ్న మిగిలింది. వరసలో శ్రీనిధి మిగిలింది.

"మనకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" సార్ ఇంగ్లిష్‌లో అడిగి, పిల్ల బిత్తర చూపులు చూసి మళ్ళీ తెలుగులో అడిగాడు.

శ్రీనిధి టీచర్ వైపు చూసింది. టీచర్ ఆ పిల్లకి ఏ జవాబూ బట్టీ పట్టించలేదు. శ్రీనిధి సార్ వైపు తిరిగింది.

"ట్యాంకర్ల వస్తయి" అంది. "అమ్మ బిందె వెట్టి లైన్ల నిలవడ్తది. నేను జాగకు చెప్పులు వెడ్త."

వెనక కూర్చున్న బాలకిషన్ లేచి నిలబడిపోయాడు.

"రాంగ్" అన్నాడు సార్. "క్లౌడ్స్ నుంచి."

"రాంగెట్లయితది సార్?" తబిత గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మా ఇంటికి గూడ ట్యాంకరే వస్తది."

"ఔ సార్, పాప కరెక్టే జెప్పింది" అన్నారు తల్లులు ఒకేసారి. వాళ్ళలో సగం మంది ఆ లైన్లో నిలబడి వచ్చినవాళ్ళే. సార్ కర్చీఫ్‌తో మొహం తుడుచుకుని, "సరే మేడమ్, ఫస్ట్ క్లాస్‌కి పంపించండి" అన్నాడు.

తబితకి సంతోషమే కలిగింది, కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ఆ వరసలో పిల్లలంతా తను నేర్పిందే చెప్పారు. ఆలోచించి చెప్పింది తను వదిలేసిన పిల్ల ఒక్కతే.

మెట్ల దగ్గర బాలకిషన్ ఎదురొచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"మా బిడ్డకు ఏం నేర్పిన్రు టీచరమ్మా!"

"నేనేం నేర్పలేదన్నా."

"పెద్దోళ్ళు గట్లనే అంటరు."

"నిజంగనే నేర్పలే."

అతను ఇంకా వంగి దండం పెట్టాడు. పక్కన శ్రీనిధి ఆపకుండా ఏదో చెబుతూనే ఉంది. తబితకి ఆ మెట్టు మీదే కూర్చోవాలనిపించింది.