రుచి చూడని కూర

దేవునికి స్తోత్రం. పొయ్యి మీద కూరనూ, పొయ్యి ముందు కూర్చున్న నన్నూ ఇంతకాలం మాడిపోకుండా కాపాడిన ప్రభువుకు వందనాలు.

ఆ రోజుల్లో, అంటే నేను బాన్సువాడకు కోడలిగా వచ్చిన డెబ్బైల్లో, వంటింటి చెడ్డ అలవాట్లంటే నాకు ఒళ్లు మండేది. గంజి పారబోస్తే మండేది, కూరగాయలు తరిగాక కడిగితే మండేది. అన్నిటికన్నా ఎక్కువ మండించింది మా సంఘం ఆడవాళ్ల అలవాటు. ప్రార్థన కాకముందు కూర నాలుక మీద పెట్టకూడదట! ఏ లేఖనంలో ఉందో ఒక్కరూ చూపించరు. (ఆదివార బడిలో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్న నాకా చెప్పేది?)

ఆ ఏడు కోత పండుగ విందుకు మాంసం కూర మొదటిసారి నాకు అప్పగించారు. బీర్కూరు విశ్వాసులు కూడా బస్సెక్కి వస్తున్నారు. కూర చెడితే నా పేరు ఊరూరా మోగుతుంది. పెద్ద వంటగిన్నె గంజులో ఉప్పు వేసి, అరచేతిలో ఒక్క చుక్క వేసుకున్నానో లేదో, అత్తమ్మ చెయ్యి పట్టేసింది.

"ఏందే పిల్లా గిది! అయ్యగారు ప్రార్థన చెయ్యకముందే ఎంగిలి చేస్తవా?"

"ఉప్పు సరిపోయిందో లేదో తెల్వాలె గద అత్తమ్మా!"

"వాసన చూస్తే తెల్వదా? ఇన్నేండ్ల సంది మేం గట్లనే వండుతలేమా?"

ఇక అందరూ వాసన చూశారు. పెద్దత్త మూత తీసి, "తక్కువున్నట్టుందే" అని గుప్పెడు ఉప్పు వేసింది. నేను నీళ్లకు వెళ్లొచ్చేలోగా ఆడబిడ్డ వేసింది. ("కొత్తదానివి, మర్చిపోయినవేమో అని ఏసిన వదినా!" అట.) ఇంకా ఎవరెవరు వేశారో ప్రభువుకే తెలియాలి.

పాస్టరు అయ్యగారు ప్రార్థించి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మళ్లీ గట్టిగా కళ్లు మూసుకున్నారు. (రెండో ప్రార్థన కాబోలని సంఘమంతా కళ్లు మూసుకుంది.) చివరికి, "నీళ్లు తేండమ్మా" అన్నారు.

"కొత్త కోడలు వండిందట" అని ఎవరో గొణిగారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఉప్పు ఏసినోళ్లందరు లేవుండ్రి!" అని అరిచాను. చేతులన్నీ కొంగుల్లో దాక్కున్నాయి. అత్తమ్మ ఒక్కతే లేచింది.

"నేను గూడ ఏసిన అయ్యగారూ. పిల్ల తప్పు లేదు, రుచి చూడనియ్యనిది నేనే."

మరుసటి ఏడు ఆవిడే అయ్యగారిని పొయ్యి దగ్గరికి పిలిచింది. "ప్రార్థన గీడనే చేసిపోండ్రి. ఇగ మేం రుచి చూసుకుంటం." పాపం, ఆయన పొగలో దగ్గుతూ ప్రార్థించారు. ఇది మాత్రం ఏ లేఖనంలో ఉందని నేను మళ్లీ మండిపడ్డాను.

అత్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు గ్యాసు పొయ్యి ముందు గరిటె ఎత్తబోయి, ఎవరూ చెయ్యి పట్టుకోకపోయినా ఆగి, కళ్లు మూసుకుంటాను. మీరూ ఒక్క క్షణం నాతో కళ్లు మూసుకోండి. ప్రభువా, ఈ కూరనూ, దీని చుట్టూ తిరిగిన చేతులన్నిటినీ దీవించు. ఆమేన్.

(ఇక రుచి చూడండి.)