గడపకని పెట్టుకున్న బండ

మా ఆయన పోయాక మేడ్చల్‌లో మా మరిది ఇంట్లో వెనక గదిలో ఉండేదాన్ని. వాళ్ళు నన్ను బాధపెట్టారని కాదు. తిండి పెట్టారు, జ్వరమొస్తే మందులు తెచ్చారు. కానీ పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా వాళ్ళ స్నానాల గది గోడ. చచ్చేలోపు నాదంటూ ఒక గడప ఉండాలి, దాని మీద కూర్చుని నా ఇష్టమొచ్చినంత సేపు చింతపండు గింజలు తీసుకోవాలి. నా ఆశంతా అంతే. గండిమైసమ్మ దిక్కున ఉన్న మా వాటా పొలం ప్లాట్లకు పోతే, ఆ వచ్చినదానితో శామీర్‌పేట దాటి లోపలికి ఈ ముక్క కొన్నాను.

ముక్క అంటే ముక్క కాదు, అడివి. తుమ్మ, మోదుగు, సీతాఫలం పొదలు. మనిషి లోపలికి దూరితే చీర చిరగకుండా బయటికి రాదు. ఈశాన్యం మూలకు మాత్రం కొంచెం మిట్ట, దాని మీద ఒక పెద్ద వేప చెట్టు. మొదటి రోజే పోయి ఆ నీడలో కూలబడ్డాను. ఏం గాలి! ఇల్లు ఇక్కడే, అన్నాను.

అన్నానో లేదో పరేషాన్ మొదలైంది.

"వదినా, నీకేం తెలుస్తది? అయ్యగారికి సూపియ్యకుండ ఎవరన్న పునాది దీస్తరా?" అన్నాడు మరిది.

నా చదువు సంతకం దగ్గరే ఆగింది, నిజమే. కానీ గాలి ఎటు వస్తుందో, నీళ్ళు ఎటు పోతాయో తెలియడానికి బడికి పోవాలా?

అయ్యగారు కొంపల్లి నుంచి స్కూటర్ మీద వచ్చారు. వాస్తు చూడడంలో పేరున్న మనిషి. దిక్కుల డబ్బీ అరచేతిలో పెట్టుకుని, ముళ్ళు గుచ్చుకుంటుంటే పంచె పైకెత్తుకుని, నలుమూలలా తిరిగారు. ఆఖరికి వేప కింద నిలబడి తల అడ్డంగా ఊపారు.

"ఈశాన్యం ఎత్తుగా ఉంటే ఇంటి యజమానికి మంచిది కాదమ్మా."

"యజమాని ఎప్పుడో పోయిండయ్యా. ఇగ ఎవరికి మంచిగాదు?"

మరిది దగ్గాడు. అయ్యగారు నన్ను వదిలేసి అతనితోనే మాట్లాడారు. మిట్ట తవ్వాలట. ఆ మన్నుతో నైరుతిలో ఉన్న పల్లం నింపాలట. వేప కొట్టేయాలట. ఇల్లు ఆ నింపిన పల్లంలో కట్టాలట. ఆ పల్లం నేను వానాకాలంలో చూశాను. కప్పలు కాపురం చేస్తున్నాయి. పోసిన మన్ను మన్నే, అడుగున ఊట ఊటే, నాకు అక్కడ వద్దని మొత్తుకున్నాను. "అయ్యగారు చెప్పిండు గదనే" అని ఒకరు, "నువ్వెందుకు టెన్షన్ వడ్తవ్" అని ఒకరు. వచ్చిన ప్రతి చుట్టమూ నా భూమిలో తన ఇల్లు కట్టి పోయేవాడు. ఒకాయన మెట్లు కూడా పెట్టాడు, మేడ లేకుండానే.

మిట్ట తవ్వడానికి మిషన్ ఆయనను మాట్లాడానని మరిది చెప్పాడు. నా కడుపు మండింది. తెల్లారి ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. పొదల పక్కన పడి ఉన్న పొడుగు బండను గడ్డపారతో దొర్లించుకుంటూ తెచ్చి వేప కింద, నా తలుపు ఎక్కడ రావాలనుకున్నానో అక్కడ అడ్డంగా పడేశాను. వచ్చినవాళ్ళకు కనబడాలి, ఇది ఫలానా ఆమె గడప అని. గడప అన్నాక బోడిగా ఉంటుందా? కొంగున కట్టుకొచ్చిన పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. మరిది ఇంట్లో గడపకు పసుపు పూయడం అతని పెళ్ళాం, మా యారాలి పని. నా చెయ్యి పడనిచ్చేవాళ్ళు కాదు. ఇక్కడ ఎవరు చూడొచ్చారు?

ఆ తర్వాత ముసురు పట్టి చాన్నాళ్ళు ఎవరమూ పోలేదు. వానలు తగ్గాక మిషన్ ఆయన పోయి, పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు.

"సార్, నేను తవ్వ. గా జాగల అమ్మవారు ఎలిసింది."

నేనూ మరిదీ ఆటోలో ఉరికాం. నేను పడుకోబెట్టిన బండను ఎవరో లేపి నిలబెట్టారు! దానికి ఎర్ర గుడ్డ చుట్టారు. చుట్టూ నిమ్మకాయలు, కొబ్బరి చిప్పలు, కోడి ఈకలు. పక్క ఊరి మేకల అవ్వ ఒకామె కర్పూరం వెలిగిస్తోంది.

"అవ్వా, గిది నా గడప!" అన్నాను.

"తప్పు బిడ్డా, లెంపలేస్కో. మైసమ్మ తల్లి ఎలిసింది."

"ఎలవలేదు. నేను వూసిన పసుపు. గీ చేత్తోనే వూసిన."

అవ్వ నా నొసలు చూసింది, మెడ చూసింది, నవ్వింది. "మొగడు పోయినదాని చేతిల పసుపు కుంకుమ ఏడికెళ్లొస్తయి బిడ్డా? తల్లి మీద అబద్ధాలాడకు."

మరిది వైపు తిరిగాను. "నువ్వన్న ఇను. మీ ఇంట్ల డబ్బాల పసుపే అది."

అతను అప్పటికే చెప్పులు విడిచి దండం పెడుతున్నాడు. "నువ్వే వెట్టినవనుకో వదినా. నీతోని పెట్టిచ్చిందెవరు? తల్లే గదా!"

నా నోట్లో నిజం అబద్ధమైంది. నిజమని ఒప్పుకుంటే అది మహిమైంది. తల బాదుకోవడానికి అక్కడున్నదీ ఆ బండ ఒక్కటే.

మళ్ళీ అయ్యగారిని పిలిచారు. ఆయన దూరం నుంచే నమస్కారం పెట్టి, "ఈశాన్యం దేవుని మూల. అమ్మవారు వెలిసిన చోట ఎత్తు దోషం ఉండదు" అన్నారు. అన్ని నెలలు మమ్మల్ని బెదరగొట్టిన దోషం ఒక్క ముక్కతో పోయింది. ఇక మిట్ట తవ్వకూడదు, వేప ముట్టకూడదు. ఇల్లు మాత్రం ఆ పల్లంలోనే.

అప్పుడు నాకు తిక్క లేచింది. నేను చూసుకున్న జాగ ఎలాగూ పోయింది. ఆ కప్పల గుంటలో ముసలితనం గడపాలా?

"అయ్యా, ఒక్క మాట. ఇగ తల్లికి కోళ్ళు గోస్తరు, కల్లు సాక వోస్తరు. వాన గొడితే గవన్ని ఏడికొస్తయి? పల్లానికి, నా వంటింట్లకు. తల్లి కాళ్ళ కాడి నీళ్ళు నన్ను రోజు తొక్కుమంటరా? గా పాపం ఎవరికి? నాకా, జాగ సూపెట్టిన మీకా?"

దీపం పెట్టడానికి వచ్చిన అవ్వ "అవు, బిడ్డ జెప్పేది కరెక్టే" అంది. అయ్యగారు డబ్బీ చూశారు, పల్లం చూశారు, మరిది మొహం చూశారు. చివరికి మిట్ట మీదే, అమ్మవారికి పడమర దిక్కున, చుట్టూ తిరగడానికి దారి వదిలి కట్టుకొమ్మన్నారు.

మిట్ట దొరికింది నాకు. వేప నీడ మైసమ్మకు పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటో డ్రైవర్‌తో మరిది, "మా వదిన నోట్ల తల్లి పలుకుతాంది" అన్నాడు. అదే నోటితో అన్ని నెలలుగా అదే మాట చెప్పాను కదరా నాయినా!

పునాది లేచాక గడపకు మరో బండ వెతికి తెప్పించాను. మేస్త్రీ ఇంకా రాలేదు. ఎండలో బండ ఒక్కటే ఉంది, పక్కన నేను. అవ్వ మేకలు తోలుకుంటూ వచ్చి నిలబడి దాన్ని అటు నుంచి ఇటు నుంచి చూసింది.

"గీ రాయి గుడ మస్తుగున్నది బిడ్డా," అంటూ బొడ్లో దోపుకున్న పసుపు సంచి విప్పబోయింది.

"అవ్వా, చెయ్యి దియ్యి! దీని మీద కూసునేటిది నేను" అని, మేస్త్రీ వచ్చేదాకా ఆ కాలిన బండ మీదే కూర్చున్నాను.