వియ్యంకుడికిచ్చిన స్ప్రేయరు

2004 జనవరిలో, మిరప ఎగుమతి చేసే ఒక కంపెనీ నాణ్యతాధికారిగా నన్ను పర్చూరు ప్రాంతానికి పంపింది. అక్కడ ఒక ఊళ్లో పన్నెండు కుటుంబాలు జట్టుగా సేంద్రియ మిరప పండిస్తున్నాయి. రసాయనాలు మానేసి మూడేళ్లు నిలబడితేగాని ధ్రువపత్రం రాదు. వారికది మూడో ఏడు. బయటి తనిఖీదారు రాకముందే ప్రతి చేనూ చూసి లోపాలు రాయడం నా పని. కాయంతా ఒకే రాశిగా పరీక్షకు వెళుతుంది. ఒక్క చేని కాయలో పురుగుమందు అవశేషం తేలినా పన్నెండిళ్ల పంటనూ తిరస్కరిస్తారు.

జట్టు పెద్ద కోటేశ్వరమ్మ. నేను చేలో అడుగు పెట్టకముందే గట్టు మీద ఆపింది.

"మేడంగారూ, ఆ పడమటి అరెకరం మీ జాబితాలోంచి కొట్టేయండి. నేను ఊళ్లో లేనప్పుడు మా స్ప్రేయరు అమ్మాయి మామగారు తీసుకెళ్లి పత్తికి మందు కొట్టుకున్నారు. తిరిగిచ్చాక మావాళ్లు అందులోనే వేపకషాయం పోసి ఆ అరెకరానికి కొట్టారు."

ఆమె భర్త సుబ్బారావు గారు అడ్డుపడ్డారు. "ఆవిడ నిన్నేమన్నా అడిగిందా? కడిగే పోశాంగా!"

"ఏం కడిగావ్, చెంబుడు నీళ్లు తిప్పి పారబోశావ్. అసలు ఇవ్వమన్నదెవరు?"

"వియ్యంకుడు గుమ్మంలోకొచ్చి అడిగితే లేదంటానా? రేపు పిల్ల మొహం ఎట్టా చూసేది?"

"మన కాయొక్కటే అయితే నేనూ నోరు మూసుకుందును. పన్నెండిళ్ల కాయ ఒక్కచోట పోస్తన్నాం గదయ్యా!"

ఆమె చెప్పి ఊరుకోలేదు. ఆ అరెకరం కాయను అప్పటికే వేరే కళ్లంలో ఎండబోయించింది. ఆ బస్తాలు కలిసిపోకుండా ఎర్రదారంతో కుట్టించింది. నిబంధన ప్రకారం ఆ అరెకరాన్ని నేను మళ్లీ మొదటి ఏడాదికి దించాను. దాని కాయ మామూలు మిరపగా గుంటూరు యార్డుకు వెళ్లింది. మిగతా రాశి పరీక్షలో నెగ్గింది, జట్టుకు ధ్రువపత్రం వచ్చింది.

స్ప్రేయరు సంగతి మరుసటి ఏడు సుబ్బారావు గారే నవ్వుతూ చెప్పారు. కోటేశ్వరమ్మ దాన్ని స్వయంగా వియ్యంకుడింటికి తీసుకెళ్లిందట. "అన్నయ్యగారూ, ఇది మీరే ఉంచుకోండి. మేం కొత్తది కొన్నాం, దాన్ని మాత్రం అడక్కండి. పిల్లనడిగితే ఇచ్చాంగానీ అది ఇవ్వం" అందట. ఆయన పుచ్చుకున్నారట.

అంతవరకూ నా ప్రశ్నలన్నీ రైతు ఏం కొన్నాడు, ఏం చల్లాడు అన్నవాటి చుట్టూనే ఉండేవి. ఈ ప్రాంతంలో పనిముట్లు చుట్టరికాల వెంట తిరుగుతాయి. మందు అవశేషం కూడా వాటితోపాటే వస్తుంది. 2009లో పదవీ విరమణ చేసేదాకా ఏ ఊరికి తనిఖీకి వెళ్లినా నేను మొదట అడిగింది ఇదే: ఈ ఏడు మీ స్ప్రేయరు ఎవరింటికి వెళ్లొచ్చింది?