దేవుడి బుట్ట

మా కొట్లో పూలకు రెండు బుట్టలు ఉండేవి. కుడివైపుది దేవుడి బుట్ట, ఎడమవైపుది తలలోకి పెట్టుకునే పూల బుట్ట. రెండిట్లోనూ అవే మల్లెలు, ఒకే ఆటోలో గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వచ్చినవే. తేడా ఒక్కటే. దేవుడి బుట్టలోని పూలను ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. వాసన చూస్తే ఎంగిలి అయినట్టే, ఇక దేవుడికి పనికిరావు. ఈ పట్టింపు చాలా ఇళ్లల్లో ఉన్నదే. కానీ పొద్దస్తమానం పూల మధ్య కూర్చునేవాళ్లు దాన్ని పాటించడం ఎంత కష్టమో మా అత్తయ్య దగ్గర పని నేర్చుకున్న నాకు తెలుసు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు పక్క సందులో మా కొట్టు. మెట్రో రైలు వెళ్లినప్పుడల్లా షట్టర్ సన్నగా అదురుతుంది. పైన రెండు గదుల్లో మా కాపురం. మా ఆయన బేగంపేటలో ఆఫీసుకు వెళ్తారు. కొట్టు మాత్రం మొదటినుంచీ అత్తయ్యది. మామగారు పోయాక గోదావరి వైపు నుంచి కొడుకుతో వచ్చి, ఒక స్టూలూ ఒక బుట్టా వేసుకుని మొదలుపెట్టిందట.

పెళ్లయిన కొత్తలో ఒక ఉదయం దేవుడి బుట్టలోంచి గుప్పెడు మల్లెలు తీసి ముఖానికి అద్దుకున్నాను. పూలకొట్టు కోడలిని, ఆ మాత్రం హక్కు లేదా అనుకున్నాను. అత్తయ్య ఒక్క ఉదుటున లేచి బుట్ట లాక్కుని, పూలన్నీ ఎడమవైపు బుట్టలో కుమ్మరించేసింది.

"దేవుడికి ఎంగిలి పెడతావటే?"

"గుప్పెడే కదా అత్తయ్యా."

"అన్నంలో ఒక్క ముద్దే తిని మిగతాది నైవేద్యం పెడతావా?"

ఆ పూట గుడి దండల కోసం మళ్లీ మార్కెట్‌కు మనిషిని పంపాల్సి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. పైకి వెళ్లి కనబడ్డ గిన్నె మీదల్లా నా కోపం చూపించాను. ఈవిడ చాదస్తంతో నేను వేగలేనని మా ఆయనతో తెగేసి చెప్పాను కూడా. ఆయన ఎప్పటిలాగే పేపరు తిప్పారు.

కొన్నాళ్లకు నాకొక సంగతి తట్టింది. అత్తయ్య తలలో పూలు పెట్టుకోవడం మామగారితోనే మానేసింది. నేనెన్నిసార్లు చెప్పినా వినలేదు. దేవుడి పూలు వాసన చూడదు. ఎడమవైపు బుట్టలోవైనా ఎత్తి ముక్కుకు దగ్గరగా పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మే సరుకు మనం అనుభవించకూడదు అనేది. గాలిలో తనంతట తాను వచ్చే వాసనే ఆవిడ వాటా. ఆ వాటా మాత్రం ఒక్క చుక్క వదిలేది కాదు. ఆటో ఇంకా సందు మలుపు తిరగకుండానే, లోపల నార తడుపుతూ, "ఇవాళ సంపెంగలు పంపించాడే" అనేది. వెళ్లి చూస్తే నిజంగానే మూటలో సంపెంగలు ఉండేవి.

కోచింగుల కోసం హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు సాయంత్రం పూట కొట్టు ముందు నుంచే నడుస్తారు. ఆవిడ ఒక్కొక్కరినీ ఆపి ఒక మరువం రెబ్బో, రెండు సన్నజాజులో చేతిలో పెట్టేది. "జడ లేకపోతే ఏం? ఆ క్లిప్పుకే పెట్టుకో. చదివేటప్పుడు పక్కన మనిషి ఉన్నట్టుంటుంది" అనేది. కొనేవాళ్లను కూడా ఊరికే వదిలేది కాదు. మల్లెలు ఫ్రిజ్‌లో పెట్టొద్దని, తడిగుడ్డలో చుట్టి కిటికీ దగ్గర ఉంచమని క్లాసు పీకి పంపించేది.

సోమాజిగూడ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ప్రతి శనివారం చర్చి కోసం లిల్లీలు తీసుకునేది. కొమ్మ కొమ్మా ముక్కుకు ఆనించి చూసి ఏరుకునేది. అత్తయ్యకు అది విడ్డూరంగా ఉండేది.

"మీ దేవుడికి పట్టింపు లేదా అమ్మా?"

"మా దేవునికి గా ఫికర్ లేదమ్మా. మంచిగున్నయా లేవా నేను చూసి ఇయ్యాలె కద."

అత్తయ్య నవ్వేది. ఆవిడ వెళ్లాక, "అదృష్టవంతురాలు" అనేది నాతో.

ఊరంతా జ్వరాలతో మంచం పట్టిన ఆ రోజుల్లో మేము ముగ్గురమూ పడ్డాం. ముగ్గురికీ వాసన పోయింది. తేరుకున్నాక ఒక పొద్దున వంటింట్లో పోపు మాడింది, ఆ మాడు వాసన నాకు తెలిసింది. సంతోషంతో ఏడుపొచ్చింది. "అత్తయ్యా, నాకు వచ్చేసింది, మీకో?" అని కేకేశాను. ఆవిడ పక్క గదిలోంచి, "నాకు నిన్ననే వచ్చిందే" అంది. మా ఆయనకు కూడా ఆ వారంలోనే వచ్చింది. ఆ కష్టం మా ఇల్లు దాటిపోయిందని అనుకున్నాను.

కొట్టు మళ్లీ తెరిచాక అత్తయ్య తీరు మారింది. ఆటో వచ్చినా లోపలి నుంచి మాట వినబడేది కాదు. మూట విప్పి చూసి, అప్పుడు చెప్పేది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఒక శనివారం నర్సమ్మ లిల్లీల బకెట్ మీదికి వంగి ముఖం చిట్లించింది.

"అమ్మా, గీ నీళ్లు జర మార్చుండ్రి. మురిగిన వాసనొస్తుంది."

అత్తయ్య ఆ బకెట్ పక్కనే పొద్దుటినుంచీ కూర్చుని ఉంది. ఒక్క క్షణం ఆవిడ ముఖంలో రంగు పోయింది. తరవాత నా మీద విరుచుకుపడింది, నీళ్లు మార్చమని చెప్తే వినవేం అని. చెప్పనే లేదు. నేనూ ఊరుకోలేదు. కొనేవాళ్ల ముందే ఇద్దరం మాటా మాటా అనుకున్నాం.

ఆ తరవాత కొద్ది రోజులకే అది జరిగింది. మా వెనక అపార్ట్‌మెంట్లలో చిన్న గుడి ఉంది. అక్కడి పూజలు చూసుకునే పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి దండలు తీసుకెళ్లేవారు. మా కొట్టు పూలే కావాలని పట్టుబట్టేవారు, ఇక్కడి పూలు ఎవరూ ముట్టి వాసన చూడరని పదిమందికీ చెప్పేవారు. ఆ రోజు ఆయనా నేనూ ఒకేసారి కొట్టు దగ్గరికి వచ్చాం, ఆయన రోడ్డు మీంచి, నేను మెట్లు దిగి.

అత్తయ్య నేల మీద కూర్చుని దేవుడి బుట్టను ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులతో మల్లెలు తోడి ముఖానికి అదుముకుంటోంది. వదిలేసి మళ్లీ తోడుతోంది. ఊపిరి పీల్చే చప్పుడు మా ఇద్దరికీ వినబడింది.

"ఏంటమ్మా ఇది? మీరేనా ఈ పని చేసేది?" అన్నారు పెద్దాయన.

అత్తయ్య తలెత్తింది కానీ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. ముక్కు మీద, చెంపల మీద రేకులు అంటుకుని ఉన్నాయి.

"రావట్లేదే. ఇంత దగ్గర పెట్టుకున్నా రావట్లేదే" అంది.

పెద్దాయన దండలు తీసుకోకుండా వెళ్లిపోయారు. ఆయన మళ్లీ మా కొట్టుకు రాలేదు. ఆవిడకు ఏమైందో కనుక్కోవాలని కూడా ఆయనకు అనిపించలేదు. ఆయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు.

ఆ పూట అత్తయ్య బుట్ట మొత్తం ఎడమవైపు కుమ్మరించి, చేతులు కడుక్కుని, "ఇక కుడివైపు నువ్వు కూర్చో" అంది. అప్పటినుంచి దేవుడి బుట్ట ముట్టుకోలేదు.

నర్సమ్మ తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లింది. రావచ్చు, రాకపోవచ్చు, రోజూ ఘాటైనవి వాసన చూస్తూ ఉండమన్నాడాయన. జీవితంలో ఎన్నడూ పువ్వు ముక్కుకు ఆనించని మనిషి మందులా పూలు వాసన చూడటం మొదలుపెట్టింది. ఎడమవైపు బుట్టలోవి మాత్రమే. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు కళ్లు మూసుకుని మరువం, మల్లె, సంపెంగ ఒకదాని తరవాత ఒకటి పట్టుకునేది. తరవాత అదే పువ్వు నాకిచ్చేది.

"చూసి చెప్పు. ఎలా ఉంది?"

"బాగుంది అత్తయ్యా."

"బాగుందా అని నేనడిగానా? ఎలా ఉందో చెప్పు."

నాకు చెప్పడం రాలేదు. పూలు అమ్ముకు బతుకుతూ ఒక్క పువ్వు గురించి సరిగ్గా ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆవిడ వదల్లేదు. మెల్లగా నేర్చుకున్నాను. మరువంలో ముందు పచ్చిదనం తగిలి, ఆ తరవాత కర్పూరం లాంటి చలవ వస్తుందని చెప్పాను. సంపెంగ పక్కింట్లో పండిన పనసపండులా ఉందంటే, "ఆ, అంతే, అలాగే ఉండేది" అని చిన్నపిల్లలా మోకాలు చరుచుకుంది. అంతకాలం ఆవిడ ఒక్కతే దాచుకున్న ఇష్టం అలా నాకు అంటుకుంది. నాకు అబ్బుతున్నకొద్దీ, ఆవిడ నోటి దగ్గరిది నేను తింటున్నట్టుండేది.

మరుసటి ఏడాదికి గుండె బలహీనపడి మెట్లు దిగడం మానేసింది. నేనే పూలు పైకి తీసుకెళ్లేదాన్ని. మొదట్లో, "ఏమైనా తెలిసిందా?" అని అడిగేదాన్ని. ఒకరోజు, "ఇక నన్ను అడక్కే. నువ్వు చూసి చెప్పు, చాలు" అంది. అడగడం మానేశాను. ఒకసారి పని తొందరలో మిగిలిన మల్లెలు పట్టుకెళ్లి, ఘుమఘుమలాడుతున్నాయని చెప్పాను. ఆవిడ ఒక పువ్వును వేళ్ల మధ్య నలిపి, "ఇవి నిన్నటివి. నాకు ముక్కే పోయింది, వేళ్లు పోలేదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ నవ్వగా చూడటం అదే ఆఖరు.

మల్లెల కాలంలోనే, ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది.

కొట్టు ముందు పడుకోబెట్టాం. ఒకప్పటి హాస్టల్ అమ్మాయిలు కొందరు ఆఫీసుల నుంచి వచ్చారు. పెద్దాయన వచ్చారు, వేరే కొట్లో కొన్న దండ పట్టుకుని. చామంతులు దగ్గరదగ్గరగా కట్టని దండ. అత్తయ్య చూసి ఉంటే విప్పించి మళ్లీ కట్టించేది. నర్సమ్మ లిల్లీలు తెచ్చింది. అలవాటుగా ముక్కుకు ఆనించి చూసి, కళ్లు తుడుచుకుని, పాదాల దగ్గర పెట్టింది.

పంజాగుట్ట శ్మశానానికి బండి వచ్చింది. కడసారి పూలు వెయ్యమని మా ఆయన నన్ను పిలిచారు. నేను లోపలికి వెళ్లి కుడివైపు బుట్ట తెచ్చాను. ఆ పొద్దున్నే వచ్చిన మల్లెలు, ఇంకా ఎవరి చెయ్యీ పడలేదు. ఆవిడ పక్కన కూర్చుని, దోసిలి నిండా తీసుకుని ముఖానికి అద్దుకున్నాను. గుండెల నిండా పీల్చాను. "అమ్మాయ్, వాసన చూడకూడదు" అని వెనక నుంచి పెద్దాయన అంటున్నారు. వినిపించుకోలేదు. దోసిలి తరవాత దోసిలి, ప్రతిదీ వాసన చూశాకే ఆవిడ గుండెల మీద వేశాను. బుట్ట ఖాళీ అయ్యాక చెవి దగ్గరికి వంగాను.

"మల్లెలు అత్తయ్యా. లేత కొబ్బరి నీళ్లలా తియ్యగా ఉన్నాయి, చివర్లో కాస్త పచ్చి వాసన. ఇవాళ్టివే."