మొదటి గిన్నె

గ్లెన్ ఎబేర్ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు మా యూలా వదిన సంగతి చెప్పాలి.

వదిన మా అన్న ఆల్సీడ్ భార్య. అన్న చక్కెర మిల్లులో పనిచేసేవాడు, ఆవిడ బడిపిల్లలకు వండిపెట్టేది. ఇద్దరిలో ఎవరూ కాలేజీలో చదివినవాళ్ళు కాదు. అయినా మా ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం పెట్టేవాళ్ళు. శనివారం వస్తే చాలు, ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి బయలుదేరేవాళ్ళు. అన్న పోయాక వాళ్ళ పాత వ్యాను నడిపే పని నా మీద పడింది.

పరాయి ఊరు వెళ్ళేటప్పుడు వదిన తిండి కట్టుకుని వచ్చేది కాదు. హ్యాండ్‌బ్యాగులో కారం సాసు సీసా ఒక్కటే ఉండేది. ఆట మొదలయ్యేలోపు ఆ ఊరివాళ్ళు స్టేడియం బయట ఏం వండితే అది తినేది. మిసిసిపీలో వేయించిన చేప తిని, వాళ్ళు చేతికిచ్చిన గంట పట్టుకుని వాళ్ళ జట్టు కోసమే వాయించింది. మనవాళ్ళు ఓడిపోతున్నారు వదినా అంటే, గంట బాగుందయ్యా అంది. టెక్సస్‌లో ఒక పెద్దాయన మాంసం పొగలో మగ్గించి పెడితే, ఉప్పు తక్కువైందని మొహం మీదే చెప్పి, ఇంకో ముక్క అడిగి పుచ్చుకుంది.

మా ఊళ్ళో ఆట జరిగే రోజు మాత్రం స్టేడియం పక్కన ఓక్ చెట్టు కింద పొయ్యి వెలిగించేది. అది అన్న చోటు. అక్కడ గంబో అనే చిక్కటి పులుసు వండేది. నూనెలో పిండి నల్లబడేదాకా కలపాలి, ఆ కాసేపూ చెయ్యి ఆగకూడదు, ఆగితే మాడిపోతుంది. తర్వాత కోడి, సాసేజి, ఉల్లిపాయలు. ఆవిడకి ఒకటే పట్టుదల. మొదటి గిన్నె అవతలి జట్టు చొక్కా వేసుకున్నవాడికి వెళ్ళాలి. ఆ మనిషి తిన్నాకే మనవాళ్ళు గిన్నె చాపాలి. ఒకసారి కాలేజీ ప్రెసిడెంటుగారు కూడా ప్లేటు పట్టుకుని పక్కన నిలబడ్డారు, పాపం.

పోయినేడు అలబామా కొండల్లో ఆడటానికి వెళ్ళాం. అక్కడ ఎమెట్ టిడ్‌వెల్ అనే ముసలాయన పొగలో మగ్గించిన కోడిని తెల్లటి పుల్లటి సాసులో ముంచి పెట్టాడు. వదిన ముందు నవ్వింది, తర్వాత నోరు మూసుకుని తింది. వచ్చే ఏడు మా ఊరు రా, మొదటి గిన్నె నీదే అని మాటిచ్చింది. మా వెంట గ్లెన్ కూడా ఉన్నాడు. ట్రాక్టర్లు అమ్ముకునే గ్లెన్. స్టేడియం పక్కన పొయ్యిలు పెట్టుకునే మా వరసలో ఎవరికి ఏ చోటో తేల్చే పెద్దమనిషి. ఎమెట్ కోడి మూడుసార్లు వడ్డించుకుని వేళ్ళు నాక్కున్నాడు. ఆ సాయంత్రం మేం చిత్తుగా ఓడిపోయాం. అప్పటినుంచి అతని కడుపుమంట చల్లారలేదు.

ఈ ఏడు ఎమెట్ జట్టు మా ఊరు వచ్చింది. పొద్దున్నే గ్లెన్ ఆకుపచ్చ కాగితం పట్టీలు పంచుకుంటూ వచ్చాడు. మణికట్టుకి పట్టీ ఉన్నవాళ్ళకే తిండి పెట్టాలట. ఎమెట్ జట్టు ఎర్ర చొక్కావాళ్ళకి ఎవరైనా పెడితే వాళ్ళకి ఈ వరసలో ఇక చోటుండదట. అతనీ మాట చెప్పేటప్పటికి వదిన పిండి కలుపుతోంది, చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు. ఒప్పుకుందనుకుని వెళ్ళిపోయాడు దద్దమ్మ. వరసంతా గొర్రెల్లా పట్టీలు కట్టుకున్నారు. నా పట్టీ నేను పొయ్యిలో పడేశాను.

గంబో తయారయ్యే వేళకి ఎమెట్ వచ్చాడు. తెల్లవారకముందే బయలుదేరాడట. చేతిలో తెల్ల సాసు సీసా, వదిన కోసం. గ్లెన్ చెయ్యి అడ్డం పెట్టి, మీ తిండి మీ వైపు తినండి అన్నాడు. ముసలాయన సీసా గడ్డి మీద పెట్టి, టోపీ సర్దుకుని వెనక్కి తిరిగాడు.

వదిన పొయ్యి ఆర్పేసింది.

"నోలన్, ఆ చెవి పట్టుకో," అంది నాతో, డేగిసా చూపిస్తూ.

"చోటు పోతుంది వదినా. అన్న చోటు."

"మీ అన్నే ఉంటే ఈపాటికి పట్టుకునేవాడు. పట్టు."

పట్టాను. చేతులు కాలాయి, మోచేతుల దాకా పులుసు చిందింది. వరసలో ఏళ్ళ తరబడి ఆవిడ చేతి తిండి తిన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూశారు గాని ఒక్కడూ లేవలేదు. ఎమెట్ వెనక్కి వచ్చి రెండో చెవి అందుకున్నాడు. వదిన గిన్నెలు, అన్నం, గరిటె, ఆ సీసా పట్టుకుని ముందు నడిచింది. రోడ్డు దాటి ఎర్ర చొక్కాల పార్కింగులో దించాం.

ఎమెట్ గిన్నె చాపాడు. వదిన వడ్డించలేదు. అందరూ వాసన పీలుస్తూ నిలబడ్డారు. ఇంతలో మావాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు దాటి రావడం మొదలుపెట్టారు, పట్టీలు జేబుల్లో దాచుకుని. సిగ్గుండాలి. వాళ్ళ వెనకే గ్లెన్, మొహం కందగడ్డలా చేసుకుని.

"యూలాగారూ, ఇదేం బాగాలేదండి. వెనక్కి తీసుకురండి," అన్నాడు.

వదిన గిన్నెలో అన్నం పెట్టి, గంబో నిండుగా పోసి అతని చేతిలో పెట్టింది.

"ఇక్కడ పరాయి చొక్కా నీది. మొదటి గిన్నె నీదే. తిను."

ఆకలి లేదన్నాడు.

"నువ్వు తినందే వీళ్ళెవరికీ పెట్టను. ఆయన తెల్లారకముందు బయలుదేరి వచ్చాడు. తిను."

ఎర్ర చొక్కాలు, ఆకుపచ్చ చొక్కాలు, అందరూ అతన్నే చూస్తున్నారు. తిన్నాడు. నేనైతే అది అతని నెత్తిన కుమ్మరించేవాణ్ణి. ఎమెట్ మాత్రం దగ్గరికెళ్ళి, ఉప్పు సరిపోయిందా అని మర్యాదగా అడిగాడు.

గ్లెన్ నోరు తుడుచుకుని, "చోటు సంగతి..." అని మొదలుపెట్టాడు.

"చోటు నువ్వే ఉంచుకో. గిన్నె కడిగి ఇచ్చి పో. అందులోనే ఎమెట్‌కి పెట్టాలి."

ఆ చోటు నిజంగానే లాక్కున్నాడు. ఇప్పుడు అన్న చెట్టు కింద అతని ట్రాక్టర్ల టెంటు ఉంది, అటు చూస్తే నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు అతను నీళ్ళ డబ్బా పక్కన గొంతుక్కూర్చుని అందరి ముందూ గిన్నె కడిగాడు. వదిన దాన్ని ఎత్తి వెలుగులో తిప్పి చూసింది. అడుగున జిడ్డుందని మళ్ళీ కడిగించింది.