స్నో డబ్బాలో సగం మందు

మా చిన్నప్పుడు... నాన్న సైకిల్ గేటు దగ్గర ఆగకముందే ఆయన వాసన ఇంట్లోకి వచ్చేసేది. భిలాయ్ ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. ఎంత సబ్బు రుద్దినా ఒంటిని వదలని తారు వాసన అది...

సరిగ్గా అదే వాసన నా మందు డబ్బాలోనూ ఉండేది.

నాకు సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, వీపు... ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. ప్లాంటు ఆస్పత్రి డాక్టరమ్మ తారు కలిపిన ఆయింట్‌మెంటు, రాత్రిపూట దురదకి మాత్రలు ఇచ్చేవారు. సాయంత్రం అమ్మ వసారాలో పాత నేతచీర పరిచి, నన్ను బోర్లా పడుకోబెట్టి రాసేది. మరకలు పడతాయని ఆ చీరని ఇక దేనికీ వాడేది కాదు.

స్కూల్లో నా పక్క పిల్ల ఒకరోజు ముక్కు మూసుకుని, "బద్‌బూ ఆ రహీ హై" అంటూ లేచి వెనక బెంచీకి వెళ్లిపోయింది. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది. మా నాన్న వాసనని పట్టుకుని కంపు అంటుందా! కానీ ఆ తర్వాత నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మచ్చలు తగ్గితే ఆ పిల్ల తిరిగి వస్తుందని రోజూ మోచెయ్యి తిప్పి చూసుకునేదాన్ని... తగ్గేవే కావు. ఎందుకు తగ్గడం లేదో డాక్టరమ్మకీ అంతుపట్టలేదు.

అసలు సంగతి మా అలవాటులో ఉంది. ప్లాంటు క్వార్టర్స్‌లో మా సెక్టారు తెలుగువాళ్లకి ప్లాంటు ఆస్పత్రి మందంటే మహా గురి. ఇంట్లో ఎవరికి ఏ మందిచ్చినా అందులో కొంత సొంతూరికి వెళ్లాల్సిందే. ఎవరైనా దుర్గ్‌లో రైలెక్కి విజయనగరం వైపు వెళ్తున్నారంటే ఇటు నుంచి మందులు, తిరిగొచ్చేటప్పుడు అటు నుంచి పచ్చళ్లు... అమ్మ కూడా నా ఆయింట్‌మెంటులో సగం మొహానికి రాసుకునే స్నో ఖాళీ డబ్బాలోకి తీసి, మాత్రల్లో సగం పొట్లం కట్టి బొబ్బిలిలో ఉన్న చెల్లెలికి పంపేది. కుమారి పిన్నికీ నా జబ్బే. మిగిలిందే నాకు... రోజు విడిచి రోజు, పల్చగా.

ఒకసారి డాక్టరమ్మ అమ్మని సూటిగా అడిగారు. "బహన్‌జీ, దవా పూరీ లగాతీ హో న?" మందు పూర్తిగా రాస్తున్నావు కదా అని. అంతే... అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పేసింది.

పాపం ఆవిడ తిట్టలేదు. ఇలా పంచితే ఇద్దరికీ తగ్గదని, ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదని, చెల్లెల్ని ఒకసారి తీసుకొస్తే తానే చూస్తానని చెప్పారు. నాన్న ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్ నుంచి బొబ్బిలికి ఫోన్ చేశాడు.

వేసవిలో పిన్ని, చిన్నాన్న దిగారు. అంత ఎండలోనూ పిన్నికి మణికట్టు దాకా జాకెట్టు! లోపలి గదిలో జాకెట్టు చేతులు పైకి లాగి చూపించింది. అచ్చం నా మచ్చలే... నాలాంటి ఒళ్లు ఇంకొకరికి ఉండటం నేను చూడటం అదే మొదలు. వెళ్లి నా మోచెయ్యి ఆమె మోచేతికి ఆనించాను. పిన్ని నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది.

"మరి వీపుకెవులు రాస్తన్నారే?" అంది అమ్మ.

"ఎవులు రాస్తారప్పా? పాతగుడ్డకి మందు పూసి ఈపెనకాల అటూ ఇటూ లాక్కుంటాను. ఆయనకి అంటుకుంటాదేమోనని నానే దగ్గరికి రానివ్వను."

మర్నాడు డాక్టరమ్మ పిన్నికి వేరేగా మందులు రాశారు. చిన్నాన్నని కూడా కూర్చోబెట్టి, ఇది అంటుకునేది కాదని, పూర్తిగా పోయేదీ కాదని, మానకుండా వాడితే అదుపులో ఉంటుందని చెప్పారు. ఊరెళ్లాక అక్కడి చర్మం డాక్టరుకి చూపించుకుంటూ ఉండమన్నారు.

ఆ సాయంత్రం అమ్మ లోపలి గదిలో చీర పరిచింది. ఎప్పుడూ లేనిది, నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇలా తే. ఈ వాసన నాకు కొత్తేటి?" అంటూ ఆ గరుకు చేతులతో నా వీపంతా రాశాడు. ఎంత మెల్లగా రాశాడో!

చిన్నాన్న కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండో డబ్బా మూత తీసి, "కుమారీ... ఇలా తిరుగు" అన్నాడు. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. అమ్మ నన్ను లేపి, నాన్నని రమ్మని సైగ చేసి, తలుపు దగ్గరగా వేసింది.

వానలు పడేనాటికి నా మోచేతులు నున్నబడ్డాయి. పక్క పిల్ల తిరిగి నా బెంచీకి వచ్చింది. వాసన అలాగే ఉంది... ఈసారి ముక్కు మాత్రం మూసుకోలేదు.

ఇప్పటికీ చలికాలం వస్తే మచ్చలు పలకరిస్తాయి. ఇప్పుడన్నీ ట్యూబులు, ఏ వాసనా లేని క్రీములు. మంచివే, బట్టలూ పాడుకావు. కానీ నాన్న పోయాక... ఆ తారు వాసన ఒక్కసారి తగిలితే బాగుండునని ఎంత ఉంటుందో!

నిన్న సాయంత్రం పిన్నికి ఫోన్ చేశాను. "రాసుకున్నావేటే గుంటా?" అని నన్నడిగి, నేను జవాబు చెప్పేలోపే, "ఉండే, మల్లీ చేస్తాను... మీ చిన్నాన్న మందట్టుకుని నిలబడ్డాడు" అని పెట్టేసింది.

మీ చెయ్యి అందని చోట మందు రాసిన చెయ్యి ఎవరిదో... మీరూ చెప్పండి, వినాలనుంది.